టైపు మామయ్య సేవ్ చేసిన కథలు

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మొదటి రోజే టైపు మామయ్య దానితో తగువు పెట్టుకున్నాడు. తగువంతా మీటల దగ్గర వచ్చింది. ఉద్యోగం చేసినంత కాలం కోర్టు బయట రేకుల పందిరి కింద ఇనప టైపు మిషన్ వాయించిన చెయ్యి ఆయనది. ఆ చెయ్యి పడితే మీట అణగాలి, అక్షరం ఎగిరి కాయితాన్ని కొట్టాలి, కొట్టిన చప్పుడు పక్క బల్లకి వినపడాలి. ఇక్కడేమో ఒక్క "అ" కొడితే, చడీ చప్పుడూ లేకుండా తెర మీద అ అ అ అ అని చీమల బారులా సాగిపోయింది.

"చూశావా, దీనికి నత్తి," అన్నాడు మేనకోడలితో.

"నత్తి కాదు మామయ్యా. నువ్వు మీట మీద నుంచి వేలు తియ్యట్లేదు. మెల్లగా తాకి వదిలెయ్యి."

"తాకి వదిలెయ్యడానికి అదేమన్నా పసిపిల్ల బుగ్గా?"

మేనకోడలు నవ్వింది. కడుపుతో ఉన్న మనిషి, నడుం వెనక దిండు సర్దుకుని మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఆ ల్యాప్‌టాప్ ఆమెదే. ఆఫీసు వాళ్ళు కొత్తది ఇచ్చాక ఇంట్లో మూల పడి ఉన్నదాన్ని తుడిచి, అక్షరాల వరస మామయ్య పాత మిషన్ మీద ఎలా ఉండేదో అలాగే పెట్టించి పట్టుకొచ్చింది. ముచ్చటపడి తెచ్చింది కాదు, అవసరం పడి తెచ్చింది.

అవసరం ఎవరిదంటే ఆమె తల్లిది. అంటే టైపు మామయ్యకి అక్క. ఒకే మేడలో అక్క కింద వాటాలో ఉంటుంది, ఈయన పై వాటాలో. అక్క బస్ స్టేషన్లో మైకులో బస్సులు పిలిచే ఉద్యోగం చేసి రిటైరైంది. ఊళ్ళో సగం మందికి ఆవిడ మొహం తెలీదు గానీ గొంతు తెలుసు. ఆవిడ కొట్లో నిలబడి బేరమాడుతుంటే వెనకాల ఉన్నవాళ్ళు తమకి తెలీకుండానే సంచీలు చంకన పెట్టుకునేవాళ్ళు.

ఆ గొంతుకే రోగం వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని డాక్టరు తేల్చి చెప్పాడు. తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు. ఆపరేషను వచ్చే నెల మొదట్లో అన్నారు.

అక్క ఏడ్చి రాగాలు పెట్టే మనిషి కాదు. డాక్టరు గదిలోంచి బయటికొచ్చి, ఆటో ఎక్కుతూనే, "సరే, అయితే ఈలోగా కథలు చెప్పేస్తాను. ఎవరన్నా రాసుకోండి," అంది.

ఆ కథల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మైకు గది పక్కనే బస్సుల్లో మర్చిపోయిన సామాన్లు దాచే గది ఉండేది. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒకసారి ఎవరో పెళ్ళి బ్యాండు వాడి బాకా కూడా. అక్క డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కూతుర్ని పక్కలో పడుకోబెట్టుకుని, ఆ గదిలో ఉన్న ఒక్కో సామాను గురించి ఒక్కో కథ అల్లి చెప్పేది. ఒక్కటీ పుస్తకంలోది కాదు. ఇప్పుడు కూతురికి బిడ్డ పుట్టబోతోంది. మనవడో మనవరాలో వచ్చేసరికి అమ్మమ్మకి నోట మాట ఉండదు. ఆవిడ బెంగంతా అదే, దాపరికం లేకుండా అదే మాట అందరితో అనేది.

"ఫోన్లో రికార్డు చేద్దామమ్మా," అంది కూతురు.

"ఈ బొంగురు గొంతా? పిల్ల జడుసుకుంటుంది. వద్దంటే వద్దు."

పోనీ తనే రాస్తుందా అంటే, కీళ్ళ నొప్పులతో వేళ్ళు వంకర్లు పోయి సంతకం పెట్టడమే గగనం. పైగా కలం పట్టుకుంటే ఆవిడకి రెండో ముక్క రాదు. నోరు తెరిస్తేనే కథ. అందుకని తమ్ముడి మీద పడింది భారం. తమ్ముడు కాదనలేదు. కాదనకపోవడమేమిటి, లోలోపల పొంగిపోయాడు. చిన్నప్పటి నుంచీ అక్కే ఈయనకి చేసింది, ఈయన అక్కకి చేసిందేమీ లేదు. టైపు ఒక్కటే చేతనవును, ఆ టైపుతోనే ఇన్నాళ్ళకి అక్కకి పని పడింది. పాత మిషన్‌కి రిబ్బను దొరక్క దాన్ని ఎప్పుడో ఇనప సామాన్ల వాడికి ఇచ్చేశాడు కాబట్టి, కథలకి బొమ్మలు వేయించి పుస్తకం చేస్తానని మేనకోడలు అంటోంది కాబట్టి, ఈ నత్తి డబ్బా తప్పలేదు.

"ముందు పేర్లు నేర్చుకో మామయ్యా. పేర్లు తెలిస్తే భయం పోతుంది," అంది మేనకోడలు. "ఇదిగో, తెర మీద కనబడేదంతా డెస్క్‌టాప్. బల్ల అనుకో."

"బల్ల నా మోచేతి కింద ఉంది కదే."

"ఇది ఇంకో బల్ల. దీని మీద బొమ్మలున్నాయి చూడు, వీటిని ఐకాన్లు అంటారు. ఆ మూలది చెత్తబుట్ట. ఇది ఫోల్డరు. దీని లోపల ఫైళ్ళుంటాయి."

టైపు మామయ్య ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. "కోర్టులో ఫైలు లోపల కాయితాలుంటాయి. ఫైలుని ఇంకో దాని లోపల పెట్టడమేంటి?"

"ఇక్కడ కాయితాన్నే ఫైలంటారు."

"మరి ఫైలుని?"

"ఫోల్డరంటారు."

"మరి కాయితాన్ని కాయితమనడానికి ఏం నొప్పి?"

ఇలా నడిచింది పాఠం. ఫైలు తెరిస్తే వచ్చేది విండో అంది. విండో మూసేస్తే కాయితం లోపలే ఉంటుందంది. గీతలాంటి గుర్తు నొక్కితే మూసుకోదు, కిందికి దాక్కుంటుందంది. టైపు మామయ్య అది నొక్కాడు, విండో దాక్కుంది, డబ్బా వెనక్కి తొంగిచూశాడు. తెల్లటి తెర మీద సన్నటి నిలువు గీత ఒకటి అదే పనిగా ఆరుతూ వెలుగుతూ ఉంటే దాన్ని కర్సర్ అంటారంది. "ఊరికే కన్నుకొడుతుందేం?" అని అడిగాడు. "నువ్వు కొట్టే అక్షరం అక్కడ పడుతుందని చెప్తోంది మామయ్యా." "చెప్పింది చాలు, ఆపమను."

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టింది మెమరీ. ఆ మిషన్‌కి జ్ఞాపకం రెండు రకాలట. ఒకటి ర్యామ్. పని చేస్తున్నంతసేపే గుర్తు, కరెంటు ఆగితే అన్నీ మర్చిపోతుంది. రెండోది స్టోరేజీ. ఆపేసినా మర్చిపోదు.

"ఒక్క డబ్బాకి రెండు బుర్రలెందుకే?"

"మొదటిది చురుకు. రెండోది నమ్మకం. మనం టైపు చేసేది ముందు మొదటి బుర్రలో పడుతుంది. సేవ్ నొక్కితే గానీ రెండో బుర్రలోకి పోదు. కాబట్టి మామయ్యా, ఇంకేం గుర్తున్నా లేకపోయినా సేవ్ నొక్కడం మాత్రం మర్చిపోకు. ఎన్నిసార్లు నొక్కితే అంత మంచిది."

ఈ ఆఖరి మాట దగ్గర టైపు మామయ్య మొహం వికసించింది. అప్పటిదాకా చెప్పిందంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలినా, ఇది మాత్రం ఇట్టే పట్టుకున్నాడు. ఎందుకంటే ఇది ఆయనకి తెలిసిన విషయమే. కనీసం తెలిసినట్టే అనిపించింది.

టైపు మిషన్ రోజుల్లో తెల్ల కాయితం కింద కార్బన్ కాయితం, దాని కింద ఇంకో కాయితం, దాని కింద ఇంకో కార్బన్ పెట్టి మిషన్‌కి ఎక్కించేవాళ్ళు. పైన ఒక దెబ్బ కొడితే కింద అన్నిటి మీదా అచ్చు పడేది. పై కాయితం పార్టీకి ఇచ్చేస్తారు, కింది కాపీలు కట్టలో ఉండిపోతాయి. పై కాయితం చింపినా తగలబెట్టినా కట్టకేం ఢోకా లేదు. సేవ్ అంటే అదే అనుకున్నాడు. నొక్కినప్పుడల్లా ఒక కాపీ డబ్బా అడుగున కట్టలోకి జారుతుంది, అంతే. ఇంత చిన్న సంగతికి ర్యామని, స్టోరేజీ అని ఆ పిల్ల ఎందుకు తల బద్దలు కొట్టుకుంటోందో, పాపం.

ఈలోగా తెర నిండా అ అ అ అ లు పేరుకుపోయాయి. మేనకోడలు రెండు మీటలు కలిపి నొక్కి, రాతంతా నీలం రంగులోకి మారాక డిలీట్ కొట్టింది. తెల్ల కాయితం ప్రత్యక్షమైంది.

"కొత్తగా మొదలెట్టాలంటే ఇలా చెయ్యడమేనా?" అన్నాడు టైపు మామయ్య.

"ఆఁ, ఇలా చేస్తే మళ్ళీ తెల్ల కాయితం," అంది మేనకోడలు, పిచ్చి రాతలు చెరపడం గురించి అడుగుతున్నాడనుకుని. తర్వాత ఆ ఫైలుకి "కథలు" అని పేరు పెట్టింది. "రోజూ దీన్ని తెరువు, టైపు చెయ్యి, సేవ్ నొక్కు, మూసెయ్యి. అంతే."

నిన్నటి రాత కింద ఇవాళ్టి రాత మొదలెట్టమని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాలని ఆమెకి తోచలేదు. బాగా తెలిసినవాళ్ళు పాఠం చెబితే వచ్చే చిక్కే ఇది, తమకి ఎప్పుడో వంటబట్టిన సంగతి ఎదుటివాళ్ళకి పుట్టుకతోనే వచ్చనుకుంటారు.

మర్నాటి నుంచీ మధ్యాహ్నాలు అక్క గదిలో కథల పని మొదలైంది. అక్క కిటికీ పక్క కుర్చీలో గోరువెచ్చని నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చునేది. ఎక్కువ మాట్లాడొద్దని డాక్టరు హెచ్చరించాడు కాబట్టి రోజుకి ఒక్క కథే. గొంతు గరగరలాడేది, మధ్యలో తెగేది, నీళ్ళు తాగి మళ్ళీ అందుకునేది. తమ్ముడు బల్ల ముందు కూర్చుని, మొహం గోడవైపు తిప్పి, టకటకా కొట్టుకుపోయేవాడు.

గోడవైపు ఎందుకంటే ఆయన పని నేర్చుకున్న పద్ధతి అది. టైపు నేర్పిన మేష్టారు మొదటి వారంలోనే చెప్పారు, విషయం వినొద్దు, మాటలే విను అని. విషయంలో పడితే వేలు తడబడుతుంది, ప్లీడరు తిడతాడు. ఆయన చెవిలో పడ్డ మాట నేరుగా వేళ్ళలోకి దిగిపోయేది, మధ్యలో బుర్ర దగ్గర ఆగేది కాదు. విడాకులు, వీలునామాలు, హత్య కేసులు అన్నీ ఆ వేళ్ళ మీదుగానే పోయాయి. సాయంత్రం ఇంటికొస్తే ఇవాళ కోర్టులో ఏం జరిగిందని అందరూ చుట్టూ చేరేవారు. "ఏమో, నాకేం తెలుసు," అనేవాడు. దాస్తున్నాడని అనుకునేవారు. నిజంగానే తెలీదు.

అక్క ఒక్కోసారి కథ మధ్యలో ఆగి, "బాగుందిరా?" అని అడిగేది.

"కామా అయింది. తర్వాత చెప్పు," అనేవాడు.

అక్క ఒక క్షణం అలాగే చూసి, మళ్ళీ అందుకునేది.

కథ పూర్తవగానే టైపు మామయ్య సేవ్ నొక్కేవాడు. ఒక్కసారి కాదు, మూడు సార్లు. ఒక కాపీ అక్కకి, ఒకటి మేనకోడలికి, ఒకటి ఆఫీసు కట్టలోకి. మర్నాడు "కథలు" తెరిస్తే నిన్నటి కథే పైన కనబడేది. పై కాయితం కదా, ఉంటుంది మరి. రెండు మీటలు కలిపి నొక్కి, డిలీట్ కొట్టి, తెల్ల కాయితం తెచ్చుకుని కొత్త కథ ఎత్తుకునేవాడు. అడుగున కట్ట ఎంత పెరిగిందోనని సాయంత్రాలు డబ్బాని రెండు చేతులా ఎత్తి చూసేవాడు. బరువేమీ తేడా తెలిసేది కాదు. ఎంత పల్చటి కాయితం వాడుతున్నారో అని మెచ్చుకునేవాడు.

అయినా మనసులో ఏదో మూల పీకుతూనే ఉండేది. ఒకరోజు మేనకోడలికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, పాత కథలన్నీ ఎక్కడుంటాయి?"

"ఆ ఫైల్లోనే ఉంటాయి మామయ్యా."

"అన్నీనా?"

"అన్నీ అందులోనే. సేవ్ నొక్కుతున్నావుగా?"

"మూడేసి సార్లు."

"ఇంకేం మరి. అన్నీ అయ్యాక నేనొచ్చి ప్రింటు తీస్తాను. నువ్వు కంగారు పడకు."

ఇద్దరూ ఫోన్ పెట్టేశారు. ఇద్దరూ అవతలి వాళ్ళకి అర్థమైందనే అనుకున్నారు.

చిన్న చిన్న చికాకులు రాకపోలేదు. ఒకసారి అక్క నీళ్ళు తాగడానికి ఆగి, గొంతు సర్దుకునేసరికి తెర నల్లబడిపోయింది. చచ్చిపోయిందని టైపు మామయ్య లబోదిబోమన్నాడు. స్లీప్ మోడ్‌లోకి పోయిందని, ఏదో ఒక మీట తాకితే లేస్తుందని ఫోన్లో మేనకోడలు చెప్పింది. "పట్టపగలు నిద్రేంటి దీనికి, దానిక్కూడా కథలు చెప్తున్నామా?" అన్నాడు. ఇంకోసారి అప్‌డేట్ చెయ్యమంటారా, తర్వాత చెయ్యమంటారా అని తెర మీద అడిగింది. కోర్టు వాయిదా మాటలా ఉంది కాబట్టి, అలవాటు కొద్దీ తర్వాతే నొక్కాడు.

ఆస్పత్రిలో చేరడానికి ముందురోజు మధ్యాహ్నం మేనకోడలు వచ్చింది. వస్తూనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అక్క కిటికీ దగ్గర తన కుర్చీలోనే ఉంది. టైపు మామయ్య చేతులు కట్టుకుని, పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా పక్కన నిలబడ్డాడు.

"ఒంటి చెప్పు కథ ఉంది," అంది మేనకోడలు. కిందికీ పైకీ జరిపింది. "మిగతావి ఏవి మామయ్యా? వేరే ఫైళ్ళలో పెట్టావా?"

"వేరే ఎందుకు? దీని కిందే ఉన్నాయి."

"కింద ఏమీ లేదు."

"ఆ కింద కాదే. దీని అడుగున. ఇది ఎత్తి చూడు."

"ఎత్తడమేంటి?"

"పై కాయితం ఎత్తు. కాపీలు కట్టలో ఉంటాయి. మూడేసి చొప్పున ఉండాలి."

మేనకోడలు ఆయన వంక చూసింది, తెర వంక చూసింది. మెల్లగా ఒక్కో ప్రశ్నా అడిగింది. రోజూ ఏం నొక్కావు? తెల్ల కాయితం ఎలా తెచ్చావు? ఆ తర్వాత ఏం చేశావు? టైపు మామయ్య దాచకుండా, పైపెచ్చు కొంచెం గర్వంగానే, అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆ పిల్ల మొహంలో రంగు మారడం చూసి, ఆఖరికి గొంతు తగ్గించాడు.

"చెత్తబుట్ట ఉందన్నావుగా. అందులో చూడు," అన్నాడు.

"రీసైకిల్ బిన్లోకి పారేసిన ఫైళ్ళు వస్తాయి మామయ్యా. నువ్వు ఫైలు పారెయ్యలేదు, ఫైలు ఇక్కడే ఉంది. లోపలి రాత చెరిపేసి, అదే చోట కొత్త రాత రాసి సేవ్ నొక్కావు. నొక్కినప్పుడల్లా పాతదాని స్థానంలోకి కొత్తది వచ్చి కూర్చుంది."

"మరి కార్బన్?"

"కార్బన్ లేదు."

"ఇంత ఖరీదైన మిషన్లో కార్బన్ లేదా?"

"లేదు మామయ్యా. నెట్‌కి తగిలించి ఉంటే పాత కాపీలు క్లౌడ్‌లో ఉండేవేమో. ఈ ఇంట్లో నెట్ లేదుగా. తప్పు నాదే. నేనే సరిగ్గా చెప్పలేదు."

క్లౌడ్ అంటే ఏమిటని టైపు మామయ్య అడగలేదు. మంచం అంచున కూలబడ్డాడు. మేనకోడలు వెతుకుతూనే ఉంది. అది తెరిచి, ఇది తెరిచి, ఒకదాని మీద ఒకటి విండోలు పేర్చి, ఒక్కో పేరూ చదువుతోంది. ఆయనకి ఆ పేర్లన్నీ కలగాపులగంగా వినపడ్డాయి. ఏది బల్లో, ఏది కాయితమో, తను ఏది నొక్కబట్టి ఏది పోయిందో, ఎంత ఆలోచించినా మొదలూ చివరా దొరకలేదు. ఒక్కటే అర్థమైంది. అక్క గొంతు అరగదీసుకుని చెప్పింది పోయింది, పోగొట్టింది తను.

అక్క అంతా వింటోంది. "నీకు గుర్తుండాలిగా," అంది కూతురితో. "చిన్నప్పుడు నీకేగా చెప్పింది."

"మొదళ్ళు గుర్తున్నాయమ్మా. చివర్లు లేవు. ఎప్పుడూ మధ్యలోనే నిద్రపోయేదాన్ని."

అక్క నవ్వబోతే దగ్గొచ్చింది. సర్దుకుని తమ్ముడి వైపు తిరిగింది. "పోనీలేరా, అంత మొహం వేలాడెయ్యకు. మొన్న మొన్నే విన్నావుగా. నువ్వు చెప్పు, అది రాసుకుంటుంది. మాట తేడా వస్తే వచ్చింది. బాకా కథ చెప్పు ముందు."

టైపు మామయ్య నోరు తెరిచాడు. బాకా. బాకా అన్న మాట కొట్టినట్టు వేళ్ళకి తెలుస్తోంది. ఆ బాకా ఏం చేసిందో తెలీదు.

"గొడుగు కథ?"

తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కటి కూడానా?"

"టైపు చేస్తున్నాను కదక్కా," అన్నాడు. తను అన్న మాట తనకే వినపడి తల దించుకున్నాడు.

మిషన్లోంచి కథలు పోయాయంటే చలించని మనిషి, ఈ మాటకి కిటికీ వైపు తిరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని, గుటకలు మింగుతూ, నొప్పి ఓర్చుకుంటూ చెప్పింది, వాడు వింటున్నాడనే. రాసుకునేది మిషనైనా వినేది తమ్ముడనే అనుకుంది.

"ఆ డబ్బా మూసెయ్యవే," అంది కూతురితో.

మేనకోడలు మూసేసింది.

"ఒరేయ్, కుర్చీ ఇటు జరుపుకో. గోడ వైపు కాదు, నా వైపు. ఇంకొక్క కథకి సరిపడా ఉంది గొంతు. నిద్ర పట్టని బస్సు కథ చెప్తాను."

"అక్కా, డాక్టరు వద్దన్నాడు..."

"రేపు ఆ డాక్టరే తీసుకుపోతాడుగా. ఇవాళ నాదే."

చెప్పడం మొదలెట్టింది. ఒక బస్సు. పగలంతా ఊళ్ళు తిరిగొచ్చి, చీకటి పడగానే షెడ్డులో నిలబడాలి. మిగతా బస్సులన్నీ హాయిగా నిద్రపోతాయి. దీనికి మాత్రం చీకటంటే హడల్. కాసేపు ఊరుకోవడం, ఉలిక్కిపడి ఇంజను స్టార్ట్ చేసుకోవడం, లైట్లు వేసుకుని చుట్టూ చూడడం. పక్క బస్సులు విసుక్కుని హారన్లు కొట్టేవి.

టైపు మామయ్య వేళ్ళు మోకాళ్ళ మీద ఆడుతున్నాయి. ఆయనకి తెలీకుండానే కొట్టుకుపోతున్నాడు. అక్క చెప్పడం ఆపకుండానే ముందుకి వంగి, తన వంకర వేళ్ళతో ఆ చేతులు రెండూ పట్టేసుకుంది. వేళ్ళు ఆగిపోయాయి. దిగడానికి చోటు లేక మాటలు లోపలే నిలబడ్డాయి, నిలబడి అర్థం కావడం మొదలుపెట్టాయి.

షెడ్డు వాచ్‌మన్ జాలిపడి తన దుప్పటి తెచ్చాడు. బస్సుకి దుప్పటి ఏ మూలకి సరిపోతుంది? టైరుకి కప్పితే టైరుకే చాలదు. ఆలోచించి ఆలోచించి ముందు లైట్లకి కట్టాడు. బస్సు గాభరాపడి, "అయ్యో, నేనేమైపోయాను? ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నానే," అని తనని తనే వెతుక్కుంది. వాచ్‌మన్, "నువ్వు ఇంటికెళ్ళిపోయావులే, పడుకో," అన్నాడు. "ఓహో, వెళ్ళిపోయానా," అని బస్సు నిశ్చింతగా నిద్రపోయింది.

టైపు మామయ్య ఫక్కున నవ్వాడు. నవ్వి, ఆశ్చర్యంగా అక్కని చూశాడు.

"ఎంత బాగుందక్కా! ఇది ముందెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పాను," అంది అక్క. "మొదటి రోజు చెప్పింది ఇదే. నువ్వు టైపు చేశావు."

ఆ తర్వాత ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. గొంతు నిజంగానే అయిపోయింది.

ఆపరేషను సవ్యంగా జరిగిందన్నారు. కొన్నాళ్ళకి చూడ్డానికి లోపలికి వదిలారు. అక్క వార్డులో తలవైపు ఎత్తిన మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది, మెడకి కట్టు, ముక్కుకి గొట్టం. తమ్ముడిని చూసి చెయ్యి ఊపింది. మేనకోడలు స్టూలు మీద కూర్చుంది. మాట లేని మనిషి ముందు మాట్లాడడం టైపు మామయ్యకి దొంగతనంలా అనిపించింది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, మేనకోడలి పొట్ట వైపు చూస్తూ, "ఒక బస్సుండేది, దానికి నిద్ర పట్టేది కాదు," అని మొదలెట్టాడు.

అక్క కళ్ళు తెరుచుకున్నాయి.

"వాచ్‌మన్ దుప్పటి తెచ్చి బస్సు నెత్తిన కప్పాడు..."

టక్. అక్క మందు చెంచా తీసి మంచం కమ్మీ మీద కొట్టింది.

"నెత్తిన కాదా? ఆఁ, ముందు లైట్లకి. లైట్లకి కట్టాడు."

చెంచా ఊరుకుంది. కథ చివరిదాకా ఊరుకుంది. మేనకోడలు కళ్ళు తుడుచుకుని, అప్పుడే ఫోను తీసి రాసుకోవడం మొదలెట్టింది. అక్క చెంచాతో తమ్ముడి వైపు చూపించింది. ఇంకోటి చెప్పమంటోంది.

"నాకు రావక్కా మిగతావి," అన్నాడు. చెంచా అలాగే ఆయన వైపు ఉంది. టైపు మామయ్య నుదురు రుద్దుకున్నాడు. చీకట్లో తడుముకుంటున్నట్టు, "ఒక గొడుగుండేది," అన్నాడు.

చెంచా పలకలేదు.

"నల్ల గొడుగు."

టక్.

"ఎర్రదా?" టక్. "పువ్వులదా?"

చెంచా ఊరుకుంది.

"పువ్వుల గొడుగు. దాన్నెవరో బస్సులో మర్చిపోయారు."

టక్.

టైపు మామయ్యకి మతి పోయింది. అది మర్చిపోయిన సామాన్ల గది. మర్చిపోకపోతే గొడుగు అక్కడికెలా వస్తుంది? "ఎవరూ మర్చిపోలేదా? దొంగలెత్తుకొచ్చారా?" టక్. "పోనీ ఎవరన్నా తెచ్చి పారేశారా?" టక్. ఆయన తలగోక్కుని, విసిగి, "మరేంటక్కా, దానంతటదే నడుచుకుంటూ వచ్చిందా?" అన్నాడు.

చెంచా పలకలేదు. అక్క భుజాలు కదులుతున్నాయి. నొప్పేమోనని ఆయన కంగారుగా లేచి, నర్సుని పిలవబోయి, మొహం చూసి ఆగిపోయాడు. అక్క నవ్వుతోంది. చప్పుడు లేని నవ్వు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

టైపు మామయ్య కుర్చీని మంచానికి ఆనించి కూర్చున్నాడు.

"ఎందుకొచ్చిందక్కా?" అని అడిగాడు.